బజారు టీమ్ పరుగు

ఎర్మెలిందా పరుగెత్తడం మొదలుపెట్టింది ఒక బస్సు మీద కోపంతో.

మా కొండ ఊరు శెపతూహ్ బజారులో ఆమెది మొక్కజొన్న జావ కొట్టు. పక్కన నాది, టమాటాలూ ఎండుమిరపకాయలూ. మూడేళ్ళ క్రితం ఒకరోజు పొద్దున్నే ఆమె పెద్ద జావ గిన్నెతో మలుపు దగ్గర నిలబడితే బస్సువాడు చూసి కూడా ఆపలేదు. "గిన్నెలవాళ్ళని ఎక్కించుకుంటే సీట్లన్నీ జిగురే" అని కిటికీలోంచి అరిచి మరీ పోయాడు. ఎర్మెలిందా గిన్నెను ఎవరిదో ఇంటి అరుగు మీద పెట్టి, కోర్తె అంచు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని బస్సు వెంట పడింది. కోర్తె అంటే మేం నడుముకు చుట్టుకుని పట్టీతో బిగించే నేతబట్ట. చీలమండల దాకా ఉంటుంది, దానితో పెద్ద అంగలు పడవు. అయినా బస్సు ప్రతి మలుపులోనూ ఎవరికోసమో ఆగుతూ పోతుంది కదా, మూడో స్టాపులో దాన్ని అందుకుని అరచేత్తో దాని డొక్క మీద దబదబా బాదింది. వాడు బిత్తరపోయి తలుపు తీశాడు.

"సరే, ఎక్కు."

"ఎక్కను. నీ బండి లేకపోతే నేను రాలేననుకున్నావేమో, చెప్పిపోదామని వచ్చా" అని, వచ్చిన దారినే పరుగెత్తుకుంటూ గిన్నె దగ్గరికి పోయింది.

మర్నాటి నుంచి రోజూ తెల్లవారగానే కొండమీది శిలువ దాకా పరుగు. అప్పటికి ఆమెకు నలభై నాలుగేళ్ళు. మొగుడు పోయి ఆరేళ్ళు, ఇద్దరు కూతుళ్ళూ పెళ్ళిళ్ళు చేసుకుని వెళ్ళిపోయారు. రొట్టెల కొట్టు ముందు కూర్చునే మగాళ్ళు ఊరుకుంటారా?

"నాన్ ఎర్మెలిందా, నిన్నెవరు తరుముతున్నారు?"

"ఎవరూ తరమట్లేదు. ఇన్నేళ్ళకి ఇప్పుడే దొరికింది ఆ సుఖం!"

నాన్ అని మాలో వయసొచ్చిన ఆడవాళ్ళని పిలుస్తారు, అమ్మా అన్నట్టు. నన్ను కూడా నాన్ పెత్రోనా అనే అంటారు. ఏడాది తిరిగేసరికి నేనూ ఆమె వెంట చేరాను. మొదటిరోజు కాడి కట్టిన ఎద్దులా రొప్పుతూ ఇంటికొస్తే మా ఆయన ఇసిద్రో గుమ్మంలో నిలబడి నవ్వాడు.

"రేపు పడిపోతే మోసుకురావడానికి తోపుడు బండి తెమ్మంటావా?"

"తే. అందులో నిన్ను కూచోబెట్టి నేను తోస్తా."

తర్వాత పూలమ్మే మార్సెలినా వచ్చింది, ఇరవై మూడేళ్ళ పిల్ల, మాలో అందరికంటే వేగం. ఆఖరున గుడ్లమ్మే కందెలారియా. ఆమెకి అరవై ఒకటి. "నేను పరుగెత్తను, మీరెటు పోతున్నారో చూడ్డానికి వస్తా" అని వచ్చి, రెండో వారానికి మా కంటే ముందు మలుపు దగ్గర నిలబడి కాళ్ళు ఊపుకుంటూ ఉండేది.

వాతావరణం సంగతి వేరే చెప్పాలి. మా కొండల్లో వానాకాలాన్ని నమ్మి ఎవరూ దుప్పటి ఆరేయరు. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు ఎండ. శిలువ దగ్గరికి చేరేసరికి మంచు, పక్కనున్న మనిషి కనపడదు, దగ్గు మాత్రం వినిపిస్తుంది. తిరుగు దారిలో వాన, ఇంటికొచ్చి తల తుడుచుకునేసరికి మళ్ళీ ఎండ. మొదట్లో నేను ఆకాశం చూసి, ఇవాళ వద్దులే అనేదాన్ని. ఎర్మెలిందా నా తలుపు కొట్టి ఒకటే మాట అనేది. "అది దాని పని చేసుకుంటుంది. నువ్వు నీ పని చేసుకో."

ఇలా రెండేళ్ళు గడిచాక ఆగస్టులో ఒక మధ్యాహ్నం, గిరాకీ లేని వేళ, ఆమె కొట్టు మీంచి వంగి అంది. "ఒసే పెత్రోనా, ఈసారి కాగడా మనం తెద్దామా?"

ప్రతి సెప్టెంబరు పద్నాలుగున, స్వాతంత్ర్య దినానికి ముందు రోజు, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి బడిపిల్లలూ క్లబ్బులవాళ్ళూ శేలా పట్నం పార్కుకి వెళతారు. అక్కడి మంటలో కాగడా వెలిగించుకుని సొంత ఊరి దాకా పరుగెత్తుకొస్తారు. దారి పొడుగునా జనం ఈలలేస్తారు, నీళ్ళ పొట్లాలు విసురుతారు. శేలా నుంచి మాకు పదహారు కిలోమీటర్లు. బజారు ఆడవాళ్ళు కాగడా తేవడం ఎప్పుడూ లేదు.

పేర్లు రాయించడానికి నలుగురం పురపాలక ఆఫీసుకి వెళ్ళాం. ఉత్సవ కమిటీ పెద్ద, దోన్ అని మేం గౌరవంగా పిలిచే రుపెర్తో, ఎరువుల కొట్టు ఆయన, బల్ల వెనక కూర్చున్నాడు.

"ఏ టీమ్?"

"బజారు టీమ్" అంది ఎర్మెలిందా.

"బజారుకి టీమ్ ఎక్కడిది?"

"మేమే. లెక్కపెట్టుకో, నలుగురం."

ఆయన కళ్ళద్దాలు తీసి మా కోర్తెల వైపు, కందెలారియా తెల్ల జడ వైపు చూశాడు. "చూడండి నాన్, నాకు మీమీద కోపం లేదు. రెండేళ్ళ క్రితం ఒక కుర్రాడు జారిపడి కాలు విరగ్గొట్టుకుంటే వాళ్ళమ్మ వచ్చి నా కాలరు పట్టుకుంది. ఈ బట్టల్తో, ఈ వయసులో, పైగా ఈ ఏడు వాన ఎప్పుడు దిగుతుందో ఎవరికీ తెలీదు. పడితే ఎవరు జవాబు చెప్పాలి?"

"వానకి కోర్తె ఏదో ప్యాంటు ఏదో తెలుస్తుందా దోన్ రుపెర్తో?" అంది ఎర్మెలిందా.

"మాటలు బాగానే ఉన్నాయి. మీరు ప్రతి ఏడూ చేసే పని చెయ్యండి. వచ్చిన పిల్లలకి వేడిగా జావ పొయ్యండి. అదీ సేవే."

ఎర్మెలిందా మొహం ఎర్రబడింది. "ఇరవై ఏళ్ళు పోశా. పరుగెత్తొచ్చినవాళ్ళకి ఎంత దాహమో చూసి చూసి ఉన్నా. ఈసారి ఆ దాహం నాకు కావాలి."

ఆయన పుస్తకం మూసేశాడు. బయటికి వచ్చాక మెట్ల మీద కందెలారియా అడిగింది. "ఇప్పుడేం చేద్దాం?"

"ఏం చేస్తాం? పరుగెత్తుదాం. రోడ్డు ఆయన పుస్తకంలో లేదు కదా" అంది ఎర్మెలిందా.

పాలపొడి డబ్బా ఒకటి కర్రకి మేకులతో బిగించాం. పాత గుడ్డలు కుక్కి కిరసనాయిలు పోశాం. మార్సెలినా నాలుగు తెల్ల బనియన్లు తెచ్చి వెనకాల నీలం రంగుతో 'బజారు' అని రాసింది. ఒకదానిమీద అక్షరం తలకిందులైంది. ఆ బనియను నాకే వచ్చింది.

పద్నాలుగో తారీఖు పొద్దున ఆకాశంలో మచ్చ లేదు. బస్సెక్కి శేలాలో దిగేసరికి పార్కు నిండా టీములు, బాజాలు, అరుపులు. వరసలో మా వంతు వచ్చి కాగడా అంటించుకున్నప్పుడు పక్క ఊరి కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు. ఎగతాళికో మెచ్చుకోలుకో తెలియలేదు. నేను మెచ్చుకోలు కిందే జమ కట్టుకున్నాను.

అప్పుడే మార్సెలినా ఫోన్ చూసి చెప్పింది. "అక్కా, మన ఊరి కమిటీ పరుగు రద్దు చేసిందంట. మధ్యాహ్నం పెద్ద వాన అని రేడియోలో చెప్పారంట. కాగడా పికప్ బండిలో వస్తుందంట."

తలెత్తితే నిజంగానే దోన్ రుపెర్తో బండి పార్కు మూల మీద ఉంది. వెనక ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు అమ్మాయిలూ అబ్బాయిలూ కొత్త యూనిఫారాల్లో మొహాలు వేలాడేసుకుని కూర్చున్నారు. వాళ్ళ మంట అద్దాల లాంతరులో ఉంది. ఆయన మమ్మల్ని చూసి దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"వచ్చారు, సరే. మంట దొరికింది కదా. భోంచేసి బయల్దేరుతున్నాం, వెనక చోటుంది, ఎక్కండి."

కందెలారియా బండి వైపు ఒక చూపు చూసింది. నేనూ చూశాననుకోండి. పదహారు కిలోమీటర్లు, సగం దారి ఎత్తు.

"బండికి దండం" అంది ఎర్మెలిందా. "మేం కాళ్ళ మీద వస్తాం."

"వాన పడుతుందంటుంటే!"

"పడనీ. దాన్ని మేం ఆపట్లేదు, మమ్మల్ని అది ఆపకపోతే చాలు."

పదిన్నరకి బయల్దేరాం. ఒక్కొక్కరు ఒక్కో కిలోమీటరు కాగడా మోయాలని లెక్క, మిగతా ముగ్గురూ పక్కనే పరుగెత్తాలి. మొదటి అయిదు కిలోమీటర్లు పెళ్ళి ఊరేగింపులా సాగింది. లారీవాళ్ళు హారన్లు కొట్టారు. బడి ముందు పిల్లలు నీళ్ళ పొట్లాలు విసిరితే ఒకటి కందెలారియా మెడ మీద పగిలింది. "ఓరి నీ చెయ్యి పడా! ఇంకోటి కొట్టు, ఎండగా ఉంది!" అని అరిచింది ఆమె.

ఆరో కిలోమీటరులో ఎత్తు మొదలైంది. ఎండ ఎటు పోయిందో పోయింది. పైన్ చెట్ల మధ్య నుంచి మంచు రోడ్డు మీదికి జారింది. చలి. చెమట వీపు మీదే చల్లబడిపోయింది. ఎదురొచ్చే బండ్లు కనపడవు కాబట్టి మార్సెలినా ముందు పోతూ ఈల ఊదుతుంటే ఆ ఈల వెంట మేం. నా ఊపిరి నాకే పెద్దగా వినిపిస్తోంది.

తొమ్మిదో కిలోమీటరు దగ్గర కాగడా నా చేతికొచ్చింది. వంద అడుగులు వేశానో లేదో, రేకుల మీద గింజలు పోసినట్టు ఒక శబ్దం. వడగళ్ళు. చిక్కుడు గింజలంతవి, తర్వాత ఉసిరికాయలంతవి. తల మీద, మోచేతుల మీద, రోడ్డు మీద ఎగిరెగిరి పడుతున్నాయి. ఎక్కడో దగ్గర్లోనే ఉరిమింది. నేను కాగడాని పొట్టకేసి వంచి, రెండో చెయ్యి గొడుగులా పట్టాను. అంతలో గాలి పక్కనుంచి వచ్చింది.

ఆరిపోయింది.

నిజం చెబుతాను. ఆరిన తర్వాత కూడా ఇరవై ముప్ఫై అడుగులు అలాగే పరుగెత్తాను, పొగ వస్తోంది కదా, మంట ఉందనుకుంటారులే అని. ఎర్మెలిందా నా పక్కకొచ్చి డబ్బాలోకి తొంగిచూసింది. నా మోచెయ్యి పట్టుకుని రోడ్డు పక్కన కనపడిన రేకుల పాక కిందికి లాక్కుపోయింది. మిగతా ఇద్దరూ వచ్చారు. పాక చూరు కింద నిలబడి నేను ఏడ్చాను. "నా చేతిలోనే పోవాలా! నలుగురిలో నా చేతిలోనే!"

"ఏడవకు అక్కా" అంది మార్సెలినా. చేతి సంచిలోంచి లైటరు తీసింది. "ఒక్క నిమిషం పని. ఎవరికి తెలుస్తుంది?"

"నలుగురికి తెలుస్తుంది" అంది ఎర్మెలిందా. "ఆ నలుగురం మనమే."

మార్సెలినా లైటరు లోపల పెట్టేసింది.

ఆ పాక ఒక రొట్టెల అంగడి. లోపల నుంచి ఒక ముసలామె పొగకి కళ్ళు చికిలిస్తూ వచ్చింది. పేరు మికేలా అని తర్వాత చెప్పింది. మా బనియన్లు చూసింది, డబ్బా చూసింది.

"ఆరిందా?"

"ఆరింది నాన్."

"మరి నిలబడతారేం? లోపలికి రండి. నా పొయ్యి ఆరదు. రాత్రి నిప్పు కప్పెడతా, పొద్దున ఊదుతా. ఈ మలుపులో కాపురానికొచ్చినప్పటి నుంచీ అదే నిప్పు, నలభై ఏళ్ళు."

పొయ్యి మీద పెద్ద మట్టి పెనం, దాని మీద రొట్టెలు పొంగుతున్నాయి. మాకు కాఫీ పోసింది. గ్లాసుల చుట్టూ చేతులు కాచుకుంటూ తాగాం. కందెలారియా పొయ్యి ముందు కూలబడి మోకాలు పట్టుకుంది. అది వాచి బన్నులా ఉంది.

"నువ్విక్కడ ఉండిపో" అన్నాను. "బస్సులో వద్దువు గాని."

"నోర్ముయ్యి" అంది కందెలారియా. "ఇంతదూరం వచ్చింది బస్సెక్కడానికా?" తలకి కట్టుకున్న గుడ్డ చింపి మోకాలికి బిగించుకుంది.

ఎర్మెలిందా తడిగుడ్డలు తీసేసి, మికేలా ఇచ్చిన పొడి గుడ్డలు కుక్కి, మార్సెలినా సంచిలోని సీసాలో మిగిలిన కిరసనాయిలు పోసింది. పొయ్యి వైపు చూసి అంది. "ఇది శేలా మంట కాదు నాన్. ఊళ్ళో అడుగుతారు."

మికేలా పొయ్యిలోంచి ఒక పైన్ చీలిక తీసి పట్టుకుంది. "అది పండగ మంట, ఏడాదికోసారి. ఇది రోజూ అన్నం పెట్టే మంట. ఏది తక్కువో అడిగినవాళ్ళనే చెప్పమను."

కాగడా భగ్గున అంటుకుంది. ఎర్మెలిందా దాన్ని నా చేతికే ఇచ్చింది. "నీ కిలోమీటరు ఇంకా అవలేదు."

మేం లోపలున్నప్పుడే పికప్ బండి మమ్మల్ని దాటిపోయిందట. అది పదమూడో కిలోమీటరు దగ్గర తెలిసింది. అక్కడ రోడ్డు ఒక వాగు వైపు దిగుతుంది. కొండ చరియ జారి ఎర్రమట్టి రోడ్డుకి అడ్డంగా పడింది, దాని మీద నుంచి నీళ్ళు పారుతున్నాయి. బస్సులు, లారీలు, అన్నిటికంటే ముందు దోన్ రుపెర్తో బండి, వరసగా ఆగి ఉన్నాయి. వడగళ్ళు ఆగి సన్నటి వాన పడుతోంది. ఆయన గొడుగు కింద నిలబడి ఫోన్లో ఎవరినో బతిమాలుతున్నాడు. మమ్మల్ని చూసి ఫోన్ దించాడు.

"బతికే ఉన్నారా!"

"చస్తే చెప్పి చస్తాం" అంది కందెలారియా కుంటుతూ.

అప్పటికే కొందరు పాదచారులు మట్టి గట్టు మీద నుంచి అవతలికి దాటుతున్నారు. మోకాలి లోతు. ఎర్మెలిందా కోర్తె పైకి దోపుకుంది. దోన్ రుపెర్తో బండిలోంచి లాంతరు తీసుకుని దగ్గరికి వచ్చాడు.

"నాన్ ఎర్మెలిందా, మీరెలాగూ దాటుతున్నారు. మూడింటికి ఊరి పార్కులో మంట వెలిగించాలి, జనం ఎదురు చూస్తుంటారు. ఈ మంట కూడా పట్టుకెళ్ళండి. శేలా మంట ఇది, ఆరలేదు."

ఆమె లాంతరు వైపు చూసింది. నేను మనసులో అనుకున్నాను, తీసుకో, తీసుకుంటే మనకి ఏ గొడవా ఉండదు.

"మాది ఆరిపోయింది దోన్ రుపెర్తో. ఇది దారిలో మికేలా పొయ్యి నిప్పు. మా చేతిలో ఇదే ఉంటుంది." బండి వెనక వైపు తిరిగి గొంతు పెంచింది. "అది మీ మంట కదా! మీ కాళ్ళకేమైంది?"

ఒక పొడుగాటి అమ్మాయి, గోలు కాసే పిల్ల, బండి అంచు మీద నుంచి కిందికి దూకింది. బురద యూనిఫారం మీదికి చిందింది. ఆయన చేతిలోంచి లాంతరు తీసుకుని, "క్షమించండి దోన్ రుపెర్తో" అంది. ఆమె వెనక ఇంకో ఇద్దరు, తర్వాత బండి ఖాళీ.

"పడితే ఎవరు జవాబు చెప్పాలి?" అని ఆయన అరిచాడు.

"పడ్డవాళ్ళే!" అంది ఎర్మెలిందా నీళ్ళలో దిగుతూ.

ఒకరి నడుంపట్టీ ఒకరం పట్టుకుని దాటాం. నేను ఒకచోట కూలబడ్డాను, కాగడా మాత్రం మార్సెలినా చేతిలో ఉంది, బతికింది. ఆ చివరి మూడు కిలోమీటర్లు ఎలా వచ్చామో నాకు సరిగా గుర్తులేదు. కుర్రవాళ్ళు మమ్మల్ని దాటి పోగలరు, పోలేదు. కందెలారియా అడుగుకి తగ్గట్టే వచ్చారు. వాన తగ్గింది, పెరిగింది, ఊరి మొదట్లో కళ్ళు మిరుమిట్లు గొలిపేలా ఎండ కాసింది.

పార్కులో తడిసిన జనం. వేదిక మీద మంట నిలిపే పెద్ద ఇత్తడి పళ్ళెం. ఎవరు వెలిగించాలో చెప్పడానికి కమిటీ పెద్ద లేడు. గోలు కాసే అమ్మాయి లాంతరు పట్టుకుని, "ముందు మీరు" అని పక్కకి జరిగింది.

ఎర్మెలిందా మైకు తీసుకుంది. రొప్పుతూనే చెప్పింది. "వినండి. శేలాలో వెలిగించుకున్న మంట తొమ్మిదో కిలోమీటరులో వడగళ్ళకి ఆరిపోయింది. ఇది మలుపు దగ్గర మికేలా పొయ్యిలోది. దీన్ని ఇందులో పెట్టబోతున్నా. వద్దనేవాళ్ళు ఇప్పుడే చెప్పండి."

వెనకనుంచి ఒక ముసలాయన అన్నాడు. "ఆ పొయ్యి రొట్టెలు నేను తిన్నా. మంచి పొయ్యే!"

నవ్వులు. ఎవరో ఈల వేశారు. ఎర్మెలిందా కాగడా పళ్ళెంలోకి వంచింది, ఆ వెంటనే ఆ అమ్మాయి లాంతరు మంట కూడా కలిపింది. జనంలో ఇసిద్రో కనపడ్డాడు. గొంతు చించుకుని నా పేరు అరుస్తున్నాడు, పెళ్ళిలో కూడా అంత గట్టిగా పిలవలేదు.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. కందెలారియా మోకాలు నెల దాకా మడత పడలేదు. గుడ్ల బుట్ట ఆమె మనవరాలు మోసింది. కందెలారియా మళ్ళీ పరుగెత్తలేదు. ఎవరైనా జాలి పడితే మాత్రం కసురుకుంటుంది. వారం తిరక్కుండా పురపాలక ఆఫీసు గోడ మీద నోటీసు అంటించారు. వచ్చే ఏడాది నుంచి కాగడా పరుగుకి వయసు ముప్ఫై అయిదు దాటకూడదు, క్రీడా దుస్తులు తప్పనిసరి. కింద దోన్ రుపెర్తో సంతకం. ఎర్మెలిందా దాన్ని నిలబడి రెండుసార్లు చదివింది.

"చించేద్దామా?" అన్నాను.

"వద్దు. అందరూ చదవాలి."

చదివారు. ఇప్పుడు ఆగస్టు. తెల్లవారి మలుపు దగ్గర పదకొండు మందిమి ఉంటున్నాం, అందులో ఒకరికి కూడా వయసు ముప్ఫై అయిదు లోపు లేదు, మార్సెలినా తప్ప. ఉల్లిపాయల ఆమె, చేపల ఆమె, బట్టలు కుట్టే ఇద్దరు అక్కచెల్లెళ్ళు. అందరం కోర్తెల్లోనే. ఇవాళ బయల్దేరేటప్పుడు చినుకులు పడుతున్నాయి, కొండ మీద ఏముందో కనపడలేదు. చేపల ఆమె కొత్త కదా, ఆకాశం వైపు చూసి, "ఆగుదామా నాన్?" అని అడిగింది.

ఎర్మెలిందా అప్పటికే మలుపు తిరిగింది. మేం పరుగెత్తాల్సి వచ్చింది.